నాన్నగారి తుపాకీ: అందులో మీది ఎంత, సర్కారుది ఎంత

ప్రశ్న: మాది రాయలసీమలో ఒక పల్లె. నాన్నగారికి ముప్ఫై ఏళ్లకు పైగా 12 బోర్ జోడు గొట్టాల తుపాకీకి లైసెన్సు ఉండేది. ఇంటి రక్షణకి, పంట కాపలాకి అని రాయించుకున్నారు. నాలుగు నెలల కిందట కాలం చేశారు. తుపాకీ, పదిహేను తూటాలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. లైసెన్సు నా పేరుకి మార్చమని స్టేషన్‌కి వెళ్తే "ఇప్పుడు ఎవరికీ ఇవ్వడం లేదు, తెచ్చి ఇక్కడ పడేసి పో" అన్నారు. రసీదు ఇస్తారా అని అడిగితే కసురుకున్నారు. పోయిన ఎన్నికలప్పుడు నాన్న దగ్గర తీసుకున్న తుపాకీని ఫలితాలు వచ్చాక కూడా మూడు నెలలు తిప్పించుకుని ఇచ్చారు. డాలస్‌లో హెచ్-1బీ మీద ఉన్న మా అన్నయ్య "ఆయుధం పెట్టుకోవడం మనిషి ప్రాథమిక హక్కు, ఎవరికీ ఇవ్వకు" అంటున్నాడు. తొమ్మిదేళ్ల కిందట ఊరి గొడవలో నా మీద ఒక కేసు పెట్టారు, తర్వాత కోర్టు కొట్టేసింది. ప్రభుత్వం మా తుపాకీ ఇలా తీసేసుకోవచ్చా? నేను ఇప్పుడేం చేయాలి?

సమాధానం: హక్కుల మాట కాసేపు పక్కన పెట్టండి. ఈ వారంలోనే తేల్చుకోవాల్సిన పని ఒకటి మీ బీరువాలో ఉంది. తుపాకీ లైసెన్సు మనిషికి ఇచ్చేది, ఇంటికి కాదు. నాన్నగారితోనే ఆ లైసెన్సు ముగిసింది. ఆ రోజు నుంచి ఆ తుపాకీ మీ ఇంట్లో లైసెన్సు లేని తుపాకీ కిందే లెక్క. 1959 ఆయుధాల చట్టం 3వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్ల జైలు, పైన జరిమానా. "నాన్నది, నాది కాదు" అన్న మాట నిలవకపోవచ్చు. తుపాకీ ఉందని మీకు తెలుసు, బీరువా తాళం మీ చేతిలో ఉంది. తెలిసి తన అధీనంలో ఉంచుకోవడమే స్వాధీనం అని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది.

భయపడి దాచేయడం మాత్రం అన్నిటికన్నా చెడ్డ పని. ఇలాంటి పరిస్థితి వస్తుందని చట్టానికి ముందే తెలుసు. 21వ సెక్షన్ ఉన్నది అందుకే. ఏ కారణంగానైనా ఆయుధం దగ్గర ఉంచుకోవడం చట్టబద్ధం కాకుండా పోతే, అనవసరమైన ఆలస్యం లేకుండా దాన్ని దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధ డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. నాలుగు నెలలు ఆలస్యమే. అయినా ఎవరో పట్టుకోకముందే మీ అంతట మీరు రాతపూర్వకంగా ముందుకొస్తే మీ ఉద్దేశంలో దోషం లేదని ఆ కాగితమే చెబుతుంది. మీకు తెలియని రక్షణ ఇంకొకటి ఉంది. 3వ సెక్షన్ ఉల్లంఘన మీద జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి లేకుండా ప్రాసిక్యూషన్ నడపడానికి వీల్లేదని 39వ సెక్షన్ చెబుతోంది. స్టేషన్‌లో ఎవరికో కోపం వచ్చినంత మాత్రాన కేసు కోర్టులో నిలవదు.

డిపాజిట్ ఎలా చేయాలన్నది వివరంగా చెబుతాం, ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. తుపాకీని గోనెసంచిలో చుట్టి బండి మీద పెట్టుకుని స్టేషన్‌కి బయల్దేరకండి. మీకు లైసెన్సు లేదు కాబట్టి దారిలో ఎవరైనా ఆపితే అది అక్రమ ఆయుధ రవాణాలాగే కనబడుతుంది. ముందు కాగితం వెళ్లాలి. స్టేషన్ హౌస్ ఆఫీసర్ పేర ఒక అర్జీ రాయండి: ఫలానా తేదీన నాన్నగారు చనిపోయారు, ఆయన లైసెన్సు నంబరు ఇది, తుపాకీ తయారీ, బోరు, దాని మీద చెక్కిన నంబరు ఇవి, తూటాలు పదిహేను, 21వ సెక్షన్ కింద డిపాజిట్ చేయదలిచాను, మీ సిబ్బంది ఇంటికొచ్చి తీసుకోవాలి, లేదా నేను తీసుకురావడానికి తేదీ, సమయం రాసివ్వాలి. మరణ ధ్రువపత్రం నకలు, లైసెన్సు పుస్తకం అన్ని పేజీల నకళ్లు జతచేయండి. అసలు పుస్తకం మాత్రం ఎవరడిగినా రసీదు లేకుండా చేతిలో పెట్టకండి, రేపు దరఖాస్తుకి అదే ప్రాణం.

స్టేషన్‌లో అర్జీ తీసుకోం అంటే వాదన పెట్టుకోవద్దు. అదే కాగితాన్ని అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో ఎస్‌హెచ్‌ఓకి పంపి, నకళ్లు ఎస్పీకి, కలెక్టర్‌కి పంపండి. ఆ పోస్టు రసీదు తేదీయే మీకు కవచం.

తుపాకీ ఖాళీగా ఉందో లేదో మీకు తెలియకపోతే, దాన్ని మడిచి తెరవడం మీకు చేతకాకపోతే, ముట్టుకోకండి. నాన్నగారు చివరిసారి ఎలా పెట్టారో మీకు తెలియదు. "లోపల తూటా ఉందో లేదో తెలియదు" అని అర్జీలోనే రాస్తే వచ్చేవాళ్లు జాగ్రత్త పడతారు. పాత తూటాలు చెమ్మకి ఉబ్బి, ఇత్తడి అంచు పచ్చగా చిలుము పట్టి ఉంటే వాటిని పేల్చి చూడటం, విప్పి మందు తీయడం, బావిలో పడేయడం లాంటివి చేయకండి. లెక్క ప్రకారం అవీ డిపాజిట్ కావాల్సినవే. ఒక్క తూటా మిగిలినా అది విడిగా ఒక నేరం.

స్టేషన్ మేలా, డీలరు మేలా అంటే, అవకాశం ఉంటే డీలరే మేలు. స్టేషన్ మాల్‌ఖానాలో, అంటే స్వాధీనం చేసుకున్న వస్తువులు దాచే గదిలో, తుపాకీకి నూనె పెట్టే దిక్కుండదు. ఏడాది తిరిగేసరికి గొట్టం లోపల తుప్పు, చెక్కకి చెద పడతాయి. డీలరు అద్దె తీసుకుంటాడు గానీ శుభ్రం చేసి ఉంచుతాడు, తన రిజిస్టర్లో ఎక్కిస్తాడు. అలాగైతే తుపాకీని అక్కడికి చేర్చడానికి స్టేషన్ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి, డీలరు ఇచ్చిన రసీదు నకలు స్టేషన్‌లోనూ, కలెక్టరేట్‌లోనూ ఇచ్చి ముద్ర వేయించుకోండి.

ఎక్కడిచ్చినా రసీదులో ఇవన్నీ ఉండాలి: తయారీ పేరు, బోరు, నంబరు, గొట్టం పొడవు, చెక్క, గొట్టం ఎలా ఉన్నాయి, తూటాల సంఖ్య, బెల్టు, కవరు లాంటివి ఉంటే అవి, తేదీ, స్టేషన్ జనరల్ డైరీ ఎంట్రీ నంబరు, సంతకం, ముద్ర. ఇచ్చేముందు నంబరు కనిపించేలా నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసుకోండి. ఫొటోలో తుపాకీ ఉండాలి, దాన్ని పట్టుకున్న మీరు ఉండకూడదు. "ఇక్కడ పడేసి పో" అన్నది చట్టంలో లేని మాట. రసీదు లేని డిపాజిట్ రేపు డిపాజిట్టే కాకుండా పోతుంది. అప్పుడు తుపాకీ ఏమైందో చెప్పాల్సిన భారం మీ మీద పడుతుంది.

ఇక అన్నయ్యగారి మాట. అమెరికాలో 1791 నాటి రెండో రాజ్యాంగ సవరణ ఉంది. దాని కింద వ్యక్తికి ఆయుధం ఉంచుకునే హక్కు ఉందని అక్కడి సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో తేల్చింది. మన దగ్గర ఆ కోరిక లేకపోలేదు. 1878లో వైస్రాయ్ లిట్టన్ హయాంలో తెచ్చిన ఆయుధాల చట్టం తెల్లవాళ్లకి మినహాయింపులిచ్చి భారతీయుల చేతులు కట్టేసింది. ఆ అవమానం జాతీయోద్యమాన్ని చాలాకాలం బాధించింది. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానం, నిబంధనలకి లోబడి ఆయుధం ఉంచుకోవడాన్ని పౌరుడి హక్కుల్లో చేర్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని ప్రాథమిక హక్కుల్లో పెట్టాలని సవరణ తెచ్చారు. సభ ఒప్పుకోలేదు. చివరికి మన రాజ్యాంగంలో ఆయుధం మాట కనిపించేది దాదాపు వ్యతిరేక దిశలోనే: 19వ అధికరణం శాంతియుతంగా, "ఆయుధాలు లేకుండా" సమావేశమయ్యే హక్కు ఇచ్చింది. సిక్కుల కృపాణానికి మాత్రం 25వ అధికరణంలో చోటుంది.

కోర్టుల్లోనూ ఈ వాదన నడిచింది. 1993లో గణేశ్ చంద్ర భట్ కేసులో అలహాబాద్ హైకోర్టు, మామూలు తుపాకీ ఉంచుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనంది. కొద్దికాలానికే అదే కోర్టులో ఎక్కువమంది జడ్జీలున్న ఫుల్‌బెంచి రాణా ప్రతాప్ సింగ్ కేసులో దాన్ని పక్కన పెట్టింది. అమెరికాలోలాగా ఇక్కడ ఆయుధం పట్టే ప్రాథమిక హక్కు ఎవరికీ లేదని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరోసారి అంది. కాబట్టి "ఇవ్వకు" అన్న సలహా వింటే మీకు దక్కేది కేసే.

అలాగని సర్కారు చేతులకి హద్దు లేదనుకోవడం కూడా అంతే తప్పు. మీరు గట్టిగా పట్టుకోవాల్సింది ఇదే. తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి అనుమతి కావాలి. కానీ ఆ తుపాకీ వస్తువుగా నాన్నగారి ఆస్తి, ఇప్పుడు వారసులది. చట్టం అధికారం ఇస్తే తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదని 300ఏ అధికరణం చెబుతోంది. ఆయుధాల చట్టం ఇచ్చిన అధికారానికి మెట్లున్నాయి. డిపాజిట్ చేసిన తుపాకీని లైసెన్సు వచ్చాక తిరిగి తీసుకునే హక్కు, లేదా అర్హత ఉన్నవారికి అమ్ముకుని ఆ డబ్బు తీసుకునే హక్కు 21వ సెక్షనే మీకిచ్చింది. గడువు దాటితే జప్తు చేయవచ్చు గానీ, అది జిల్లా మేజిస్ట్రేట్ ఉత్తర్వుతోనే, అదీ మీకు రాతపూర్వక నోటీసిచ్చి, ఎందుకు జప్తు చేయకూడదో చెప్పుకోవడానికి 30 రోజులు ఇచ్చాకే. ఎస్సై గారికి ఆ అధికారం లేదు. లైసెన్సు అడగడం కూడా భిక్ష అడగడం కాదు. మీ దరఖాస్తు తీసుకుని, విచారించి, కారణాలతో జవాబివ్వడం అధికారుల విధి. లైసెన్సు వస్తుందో రాదో చెప్పలేం, కానీ ఆ జవాబు మాత్రం మీకు రావాల్సిందే.

"ఇప్పుడు ఎవరికీ ఇవ్వడం లేదు" అన్నమాట ఈ లెక్కలో చెల్లదు. మొదటిది, లైసెన్సు ఇచ్చేది స్టేషన్ కాదు. జిల్లాల్లో కలెక్టరు, అంటే జిల్లా మేజిస్ట్రేట్. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ లాంటి కమిషనరేట్లలో పోలీసు కమిషనరు. రెండోది, 13వ సెక్షన్లో ఆయుధాలన్నిటికీ ఒకే కొలమానం లేదు. పిస్టల్, రివాల్వర్ లాంటివి కావాలంటే మీకు సరైన కారణం ఉందని అధికారికి నమ్మకం కలగాలి. గొట్టం 20 అంగుళాలకి తగ్గని, లోపల గాడులు లేని నున్న గొట్టం తుపాకీని ఆత్మరక్షణకో క్రీడకో అడిగితే లైసెన్సు "ఇవ్వాలి" అనే చట్టం రాసింది, 14వ సెక్షన్లోని అడ్డంకులేవీ లేకపోతే. మీ 12 బోర్ జోడు గొట్టాలది సరిగ్గా ఈ కోవలోనిది. గొట్టం పొడవు కొలిపించి దరఖాస్తులోనే రాయండి. పంట కాపలా పద్దు వేరు, దానికి చట్టం ముందుగా చూసేది మందు కూరి పేల్చే నాటు రకాన్నే. అందుకే మీ దరఖాస్తులో ఇంటి రక్షణని ముందు రాసి, పంట కాపలాని దాని వెనక పెట్టండి. ఇల్లు ఊరికి ఎంత దూరం, దగ్గరి స్టేషన్ ఎన్ని కిలోమీటర్లు, రాత్రిపూట పొలం దగ్గర ఉండాల్సిన పని ఏమిటి, ఇవి ఒకటి రెండు వాక్యాల్లో నిజంగా రాయండి. లేని ప్రాణభయం కల్పించి రాస్తే విచారణలో అదే ఎదురు తిరుగుతుంది.

2016 ఆయుధాల నిబంధనల్లో వారసులకి ప్రత్యేకంగా 25వ నిబంధన ఉంది. లైసెన్సుదారు చనిపోతే ఆయన వారసుడికి, అర్హతలుంటే, పోలీసు నివేదికలో ప్రతికూలంగా ఏమీ లేకపోతే, లైసెన్సు ఇవ్వవచ్చు. (చదివే మిగతావారికి ఒక మాట: లైసెన్సుదారుకి 70 ఏళ్లు నిండినా, తుపాకీ పెట్టుకుని 25 ఏళ్లు గడిచినా, బతికుండగానే వారసుడి పేరుకి మార్పించవచ్చు. మీ ఇంట్లో పెద్దాయన ఉంటే ఈ పని ఇప్పుడే చేయించండి, ఈ తిరుగుడంతా తప్పుతుంది.) వారసత్వంగా వచ్చినా ఒక్కరి పేర రెండు తుపాకులకి మించకూడదు. 2019కి ముందు మూడు ఉండేవి.

దరఖాస్తు ఫారం ఏ-1లో, ఎన్‌డాల్-ఆలిస్ అనే కేంద్ర పోర్టల్ ద్వారా వెళ్తుంది. పోర్టల్లో పెట్టి ఊరుకోకుండా ముద్రించిన ప్రతిని కలెక్టరేట్‌లో మేజిస్టీరియల్ సెక్షన్లో ఇచ్చి తేదీముద్ర వేయించుకోండి. జతచేయాల్సినవి: మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల నిరభ్యంతర అఫిడవిట్లు, నాన్నగారి అసలు లైసెన్సు, డిపాజిట్ రసీదు, వయసు, చిరునామా, గుర్తింపు పత్రాలు, ఫొటోలు, శారీరక, మానసిక ఆరోగ్యం మీద ఫారం ఎస్-3లో వైద్య ధ్రువపత్రం, తుపాకీ భద్రంగా దాచే ఏర్పాటు ఉందన్న హామీ పత్రం, తుపాకీ సురక్షితంగా వాడటంలో శిక్షణ పొందిన ధ్రువపత్రం. నాన్నగారు వాడుతుంటే చూశాను అన్నది శిక్షణ కింద లెక్కకి రాదు. జిల్లాలో ఏ శిక్షణ ధ్రువపత్రాన్ని ఒప్పుకుంటారో ముందే కలెక్టరేట్‌లో కనుక్కోండి, వేరేచోట తెచ్చి తిరగ్గొట్టించుకోకుండా.

ఫైళ్లు ఆగిపోయేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, పాత లైసెన్సు మీద యూఐఎన్, అంటే జాతీయ డేటాబేసులో ఇచ్చే ప్రత్యేక సంఖ్య లేకపోవడం. నాన్నగారి పుస్తకం ఇప్పుడే తీసి చూడండి. లేకపోతే ఆ సంగతి దరఖాస్తులో మీరే ముందు రాయండి, గుమస్తా కనిపెట్టేదాకా ఆగొద్దు. రెండు, అన్నయ్య అఫిడవిట్. వాట్సాప్‌లో పంపిన సంతకం పనికిరాదు. టెక్సాస్ హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది, అక్కడ ధ్రువీకరించి పంపవచ్చు. లేదా అక్కడి నోటరీ ముందు సంతకం చేసి, టెక్సాస్ రాష్ట్రం ఇచ్చే అపోస్టిల్ (కాగితం పరదేశంలో చెల్లడానికి వేసే ధ్రువీకరణ) వేయించి పంపవచ్చు. అమ్మగారు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్ల సంతకాలు కూడా కావాలి. ఆడపిల్లలు కదా అని వదిలేసిన ఫైళ్లు తిరిగొస్తాయి.

దరఖాస్తు అందాక కలెక్టరు పోలీసు నివేదిక అడుగుతారు. అది ఎస్పీ ఆఫీసు నుంచి డీఎస్పీకి, అక్కణ్నుంచి మిమ్మల్ని కసురుకున్న అదే స్టేషన్‌కి వస్తుంది. నివేదికకి నిబంధనల్లో 30 రోజుల గడువుంది. అది దాటితే నివేదిక కోసం ఎదురుచూడకుండా నిర్ణయం తీసుకునే వెసులుబాటు 13వ సెక్షన్ కలెక్టరుకి ఇచ్చింది. నివేదిక వచ్చాక 60 రోజుల్లో కారణాలతో ఉత్తర్వు రావాలి. కాబట్టి నలభయ్యో రోజున ఒక గుర్తుచేసే అర్జీ పెట్టండి. వంద రోజులు దాటినా ఉలుకూపలుకూ లేకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ఈ మూడే అడగండి: నా ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గరుంది, పోలీసు నివేదిక ఏ తేదీన వచ్చింది, నిర్ణయానికి మిగిలిన పని ఏమిటి. నివేదిక నకలే కావాలంటే తిరస్కరించే అవకాశం ఎక్కువ. తేదీలు అడిగితే దాచడం కష్టం.

మీ పాత కేసు సంగతి. దాచకండి. ఫారంలో అడిగిన చోట కేసు నంబరు, కోర్టు, తీర్పు తేదీ రాసి తీర్పు నకలు జతచేయండి. 9వ సెక్షన్ అడ్డుపడేది 21 ఏళ్లు నిండనివారికి, హింస లేదా నైతిక పతనంతో కూడిన నేరంలో జైలుశిక్ష పడి శిక్ష ముగిసి ఐదేళ్లు దాటనివారికి, సత్ప్రవర్తన బాండు నడుస్తున్నవారికి. మతిస్థిమితం లేనివారికి అడ్డుపడేది 14వ సెక్షన్. కొట్టేసిన కేసు ఇందులో దేనికిందకీ రాదు. దాన్ని దాచిపెట్టి లైసెన్సు తెచ్చుకుంటే మాత్రం ముఖ్యమైన సమాచారం దాచారన్న ఒక్క కారణంతో 17వ సెక్షన్ కింద రద్దు చేయవచ్చు. తీర్పు వచ్చాక కూడా స్టేషన్ రికార్డులో మీ పేర రౌడీషీటో సస్పెక్ట్ షీటో తెరిచి ఉంటే అది వేరే చిక్కు. దాన్ని మూసేయమని ఎస్పీకి తీర్పు నకలుతో అర్జీ ఇప్పుడే పెట్టండి. మీ ప్రాంతం ఫ్యాక్షన్ ప్రాంతం అన్నది ఒక మనిషికి లైసెన్సు కాదనడానికి కారణం కాదు. మీ గురించి విడిగా ఏముందో అధికారి రాయాలి. ఆస్తి చాలదన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదని 14వ సెక్షన్ తేటగా చెప్పింది. పాస్‌బుక్కులు, పన్ను రిటర్నులు అడిగితే ఇవ్వండి గానీ, ఎకరాలు తక్కువని ఆగిపోకండి.

తిరస్కరిస్తే వెంటనే కారణాల ప్రతి రాతపూర్వకంగా అడగండి. ప్రజాప్రయోజనం దృష్ట్యా చెప్పకూడదని అధికారి భావిస్తే తప్ప అది ఇచ్చి తీరాలి. 18వ సెక్షన్ కింద అప్పీలుకి గడువు 30 రోజులు. దాటినా సరైన కారణం చూపితే స్వీకరించవచ్చు, కానీ దాని మీద ఆధారపడకండి. ఎవరికి అప్పీలు చేయాలో ఉత్తర్వులో లేకపోతే అదే రోజు కలెక్టరేట్‌లో రాసి అడగండి. మీ మాట వినకుండా అప్పీలు తేల్చకూడదు. అక్కడా కాకపోతే 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్. హైకోర్టు సాధారణంగా తానే లైసెన్సు ఇవ్వదు. ఉత్తర్వులో కారణాలు లేకపోయినా, చట్టంలో లేని కారణం రాసినా, దాన్ని కొట్టేసి ఇన్ని వారాల్లో మళ్లీ నిర్ణయించండి అంటుంది. అసలు జవాబే రాకపోయినా రిట్ వేయవచ్చు. అప్పుడు కోర్టు మొదట చూసేది మీ తేదీముద్రలున్న కాగితాలే.

ఎన్నికల డిపాజిట్ గురించి మీ ఫిర్యాదులో సగం న్యాయముంది. ఎన్నికల వేళ తుపాకులు తీసుకోవచ్చు. ఫలితాలు ప్రకటించాక వారం దాకా ఉంచుకోవచ్చు కూడా. ఆ తర్వాత మూడు నెలలు తిప్పించడానికి ఏ ఆధారమూ లేదు. ఇంకో సంగతి, లైసెన్సు ఉన్న ప్రతివాడి దగ్గరా గంపగుత్తగా తీసుకోవడం కూడా సరికాదు. 2009లో బొంబాయి హైకోర్టు గోవింద్ తిల్వే కేసులో ఇదే చెప్పాక, ఎన్నికల సంఘం ప్రతి జిల్లాలో స్క్రీనింగ్ కమిటీ పెట్టమంది. బెయిలు మీద ఉన్నవారు, నేరచరిత్ర ఉన్నవారు, ఎన్నికల గొడవల్లో ఇరుక్కున్నవారు, ఇలా ఒక్కొక్కరి సంగతి చూసి ఎవరి దగ్గర తీసుకోవాలో కమిటీ తేల్చాలి. రేపు మీకు లైసెన్సు వచ్చి, ఎన్నికలు వచ్చి, ఫోన్లో "తెచ్చివ్వు" అంటే తుపాకీ ఇవ్వండి, ఎదురు తిరగకండి. కానీ రాతపూర్వక నోటీసు, రసీదు అడగండి. ఫలితాలొచ్చిన ఎనిమిదో రోజున తిరిగివ్వమని అర్జీ పెట్టండి.

ఇంట్లో సోదా చేస్తామని వస్తే? ఆయుధం చట్టవిరుద్ధమైన పనికి ఉంచారనో, మీ దగ్గర ఉంటే శాంతిభద్రతలకి ప్రమాదమనో నమ్మడానికి కారణాలుంటే, వాటిని ముందు నమోదుచేసి మేజిస్ట్రేట్ సోదా చేయించవచ్చని 22వ సెక్షన్. పోలీసులు వారెంటు లేకుండా వచ్చినా కారణాలు రాసుకునే రావాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి. అడ్డుకోకండి, వీడియో తీస్తున్నారా అని మర్యాదగా అడగండి, పంచనామా నకలు తీసుకోండి. మీరు ముందే డిపాజిట్ చేసి ఉంటే ఈ పేరాతో మీకు పనే ఉండదు.

అన్నయ్యగారికి మాత్రం ఈ విషయం ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. టెక్సాస్‌లో 2021 నుంచి పర్మిట్ లేకుండానే తుపాకీ వెంట పెట్టుకోవచ్చని విని ఆయన ధైర్యంగా ఉండి ఉండవచ్చు. కానీ హెచ్-1బీ, విద్యార్థి వీసా లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. శిక్ష 15 ఏళ్ల దాకా ఉంది. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. షూటింగ్ రేంజికి సరదాగా వెళ్లి అద్దె తుపాకీ పేల్చినా అది "దగ్గర ఉంచుకోవడం" కిందికే వస్తుంది. ఆ ఫొటో సోషల్ మీడియాలో పెడితే సాక్ష్యం తానే ఇచ్చినట్టు. కేసుతోపాటు వీసా పోతుంది, దేశం నుంచి పంపించేస్తారు. గ్రీన్‌కార్డు వచ్చాక ఈ నిషేధం వర్తించదు.

లైసెన్సు వచ్చాక ఏది కూడదో కూడా తెలుసుకోండి. పంట కాపలాకి లైసెన్సు ఉన్నా అడవిపందిని కాల్చే అనుమతి అందులో లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద అటవీ అధికారుల రాతపూర్వక ఉత్తర్వు విడిగా కావాలి. పెళ్లిలోనో జాతరలోనో గాల్లోకి కాలిస్తే, ఎవరికీ తగలకపోయినా, ఇతరుల ప్రాణానికి ప్రమాదం తెచ్చినందుకు 2 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంట్లోకి దొంగ వస్తే ఆత్మరక్షణ హక్కు మీకుంది, అది లైసెన్సు లేనివారికీ ఉంది. కానీ తుపాకీ ఉన్నంత మాత్రాన ఆ హక్కు పెద్దదైపోదు. ప్రమాదం తప్పించుకోవడానికి ఎంత అవసరమో అంతవరకే. పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే మీరే ముద్దాయి. లైసెన్సు 5 ఏళ్లకి ఒకసారి రెన్యూవల్, గడువుకి రెండు నెలల ముందే దరఖాస్తు పెట్టేయండి.

ఇంత తిరుగుడు నాకెందుకు అనిపిస్తే అమ్మేయడం కూడా మీ హక్కే. లైసెన్సు ఉన్న డీలరుకి అమ్మడం తేలిక, ధర మాత్రం తక్కువ వస్తుంది. లైసెన్సు ఉన్న మరో వ్యక్తికి నేరుగా అమ్మాలంటే అతని పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేట్‌కి గానీ దగ్గరి స్టేషన్‌కి గానీ ముందుగా రాసి, 45 రోజులు ఆగి అప్పుడు అమ్మాలి. ఏ దారి ఎంచుకున్నా ముందు డిపాజిట్ అర్జీ. రేపు పొద్దున్నే రాయండి.